పొగ లేని బండి

ఇప్పుడు చెప్పబోయేది నమ్మలేనివాళ్ళు ఎవరైనా ఉంటే ముందే చెయ్యెత్తండి, నాకేం కోపం రాదు. ఏడు మలుపుల ఘాటీలో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు తోలినవాణ్ణి నేను. బ్రేకులు పోయిన బస్సుని అరవై మంది మనుషులతో, పదకొండు మేకలతో, ఒక్క హారను మీద కిందికి దింపినవాణ్ణి. ఆ రోజు నాలుగో మలుపు దగ్గర నేను స్టీరింగు తిప్పలేదు, నన్ను చూసి కొండే కాస్త పక్కకి ఒదిగింది. అది కూడా నమ్మనివాళ్ళున్నారు. ఈ కథలో మాత్రం నా గొప్ప పెద్దగా లేదు. ఇది నిజమనడానికి అంతకంటే రుజువు ఏం కావాలి? గౌరీసు మేస్త్రినీ, ఆయన శిష్యుణ్ణీ, ఒక ఆడపిల్ల స్కూటర్నీ కళ్ళారా చూసి చెబుతున్న సంగతి. శిష్యుడి పేరు చివర్లో చెబుతాను. సాక్ష్యానికని దాచుకున్నాను.

గౌరీసు మేస్త్రి షెడ్డు ఘాటీ కింద, బస్సులు నీళ్ళు పట్టుకునే చోట ఉండేది. ఆయనకొక అలవాటు. ఏ బండి వచ్చినా, యజమాని చెప్పే మాట సగంలో ఉండగానే ప్లగ్గు విప్పి, డాక్టరు నాలుక చూసినట్టు దాని కొస వెలుతురులో తిప్పి చూసేవాడు. నల్లగా తడిగా ఉంటే ఒక వైద్యం, తెల్లగా ఎండిపోయి ఉంటే ఇంకో వైద్యం. గోధుమ రంగులో ఉంటే మళ్ళీ బిగించి "తీసుకెళ్ళు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. ఇక ఆయన చెవి సంగతి. మూడు వీధుల అవతల బండి దగ్గితే కంచం ముందు కూర్చునే "ఫలానా వాడి రింగులు అరిగిపోయాయి" అనేవాడు. మూడు వీధులని తక్కువ చెప్పాను, మధ్యలో వారపు సంత కూడా ఉండేది.

పాంగి సుకుమారిది కొండ మీది ఊరు. చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. వ్యవసాయం చదువు చదివి, పైన కాఫీ రైతుల సంఘంలో తోటలు చూసే ఉద్యోగానికి పరీక్ష రాసి మొదట నిలిచింది. ఏడు ఊళ్ళు తిరిగి తోటలకి పట్టిన తెగుళ్ళు చూడాలి. సంఘం సెక్రటరీ ఆమె కాలు చూశాడు, కాగితాలు చూశాడు, మళ్ళీ కాలు చూశాడు. "సోమవారం పదకొండు గంటలకి నీ బండి మీద నువ్వే ఘాటీ ఎక్కి నా ఆఫీసు ముందు దిగు. దిగితే ఆర్డరు చేతికిస్తాను. లేకపోతే రెండో పేరున్నవాణ్ణి పిలుస్తాను," అన్నాడు. ఆ రెండో పేరువాడు అప్పటికే ఆఫీసు పక్కన గది చూసుకున్నాడు.

ఆమె దగ్గర ఒక పాత స్కూటరు ఉండేది. దాన్ని మేస్త్రి ఆమె కోసం మార్చి కట్టాడు. వెనక రెండు పక్కలా చక్రాలు తగిలించాడు. కాలి బ్రేకుని చేతికి తెచ్చాడు. సీటు మీంచి లేవకుండా చేత్తో లాగి స్టార్టు చేసుకునేలా కిక్కుకి పొడుగాటి పిడి అతికాడు. ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాడు: "అమ్మా, బండి ఎంత బుద్ధిగా నడుస్తున్నా ఎడం చేతి రెండు వేళ్ళు క్లచ్చి మీంచి తియ్యకు." చక్రాలు పెరిగి బరువెక్కిన బండి ఎత్తు దగ్గర మొరాయించేసరికి, ఇంజను సిలిండరుకి బోరు కొట్టించి, అంటే లోపలి గొట్టం వెడల్పు చేయించి, పెద్ద పిస్టను వెయ్యాలని నిశ్చయించాడు. సరిగ్గా అప్పుడే కంటి ఆపరేషనుకి ఆయన విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చింది. పన్నెండేళ్ళుగా తన దగ్గరున్న శిష్యుడికి పని అప్పగించాడు. "కొత్త బోరు. లీటరు పెట్రోలుకి మూడు మూతల ఆయిలు. మొదటి కొండ ఎక్కే రోజుకి నేనొస్తాను." ఆ రకం స్కూటరుకి పెట్రోల్లోనే ఆయిలు కలిపి పొయ్యాలి. లోపల పిస్టనుకి అందే తడి అదొక్కటే.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఘాటీ మొదట్లో నా జీపు ఆపుకుని ముగ్గురం కూర్చున్నాం. మేస్త్రి ముందు రోజు రాత్రే తిరిగొచ్చాడు. కళ్ళకి నల్లద్దాలు, వాటి కింద దూది. ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలియని చూపు. కొత్త బోరు మొదటి కొండ ఎక్కుతుంటే వెనక మేస్త్రి ఉండాలన్నది ఆయన నియమం, అందుకని వచ్చాడు. సుకుమారి బండిని ముందు రోజు సాయంత్రమే ఘాటీ కింద తను అద్దెకుంటున్న గదికి తీసుకెళ్ళింది. అంచేత ఆయన దాన్ని ఇంకా తాకనే లేదు.

శిష్యుడికి ఆ వేళ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో.

"మేస్త్రి గారూ, పన్నెండేళ్ళ బట్టీ అడుగుదామనుకుంటున్నాను. నేను చేసిన పని బాగుందని మీరు ఒక్కసారీ అనలేదు. మరి నా పని బాగుందని నాకెలా తెలియాలి?"

మేస్త్రి అద్దాలు సవరించుకున్నాడు. "బండి రానీ," అన్నాడు.

బండి వచ్చింది. సుకుమారి చెయ్యి ఊపి మమ్మల్ని దాటింది. ఒళ్ళో కాగితాల అట్ట ఫైలు, తల్లో కనకాంబరాలు. నేను జీపుని వెనకాలే పోనిచ్చాను. ఎంత దగ్గరగా అంటే ఆమె బండి నీడ మీద నా ముందు చక్రం నడిచింది. మొదటి మలుపు, రెండో మలుపు. ఆ స్కూటరు పరుగు చూసి నాకే ఈర్ష్య పుట్టింది. రెండు మలుపుల్లో మూడు లారీలని వెనక్కి నెట్టింది. మూడో మలుపు దగ్గర దాని గొంతు ఇంకా సన్నబడి, తంబురా తీగలా తియ్యగా సాగింది.

"విన్నారా మేస్త్రి గారూ," అన్నాడు శిష్యుడు, పట్టలేని ఆనందంతో. "ఎలా పాడుతోందో."

మేస్త్రి ముఖం తిప్పి గాలి వాసన పట్టాడు. "పొగ వాసనేదిరా?"

"పొగ లేదండి. అదే కదా నేను చేసింది. బజార్లో అందరూ దోమల మందు బండి వచ్చిందని ఆవిణ్ణి ఏడిపిస్తున్నారు. సెక్రటరీ గారి ముందు పొగ కక్కుకుంటూ ఎలా దిగుతాను అన్నా, అని అడిగింది. ఆయిలు ఒక్క మూతకి తగ్గించాను. పెట్రోలు దిగే జెట్టు కూడా ఒక సైజు సన్న కన్నందే వేశాను. చూడండి, అద్దంలా ఉంది వెనకంతా."

మేస్త్రి చెయ్యి నా భుజం మీద పడింది. ఆ వేళ్ళు ఇప్పటికీ నా భుజంలో ఉన్నాయి, చొక్కా విప్పితే చూపిస్తాను. "డ్రైవరూ, ఆపమను దాన్ని. ఆయిలు అందని ఇంజనే అలా తియ్యగా పాడేది. ఇప్పుడే ఆపమను."

హారను కొట్టాను. నా హారను వింటే రెండు కొండల అవతల ఆవులు దారి వదిలేవి. సుకుమారి అది మెచ్చుకోలు అనుకుంది. నవ్వుతూ చెయ్యెత్తి ఊపి, ఇంకాస్త వేగం పెంచింది. నాలుగో మలుపు దాటింది. నేను దాటబోయాను, ఎదురుగా వెదురు లారీ దిగుతోంది. శిష్యుడు కిటికీలోంచి సగం బయటికి వేలాడి ఆపు, ఆపు అని అరిచాడు. ఇంజను పాట అప్పటికి ఎంత తీపిగా ఉందంటే, అతని గొంతు అందులో కలిసిపోయింది.

ఐదో మలుపులో ఆ పాట ఆగిపోయింది. దగ్గలేదు, గురక పెట్టలేదు. దారం తెంపినట్టు ఆగింది. ఆయిలు చాలక వేడెక్కి ఉబ్బిన పిస్టను సిలిండర్లో పట్టేసింది. వెనక చక్రం కర్రలా బిగుసుకుని, బండి నల్లటి గీత గీసుకుంటూ లోయ వైపు జారింది. సుకుమారి ఎడం చేతి రెండు వేళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. క్లచ్చి పడింది, చక్రం ఇంజను నుంచి విడిపడింది, ఆమె హేండిలు కొండ వైపు తిప్పుకోగలిగింది. బండి నిలిచింది. నిలిచిన మరుక్షణం, ఆ ఎత్తులో, వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. చేతికి తెచ్చిన వెనక బ్రేకు పిడి కూడా ఎడం వైపే ఉంది, దాన్ని ఆమె నొక్కలేకపోయింది. ఎడం చెయ్యి క్లచ్చి మీద కొయ్యబారిపోయింది, ముందు బ్రేకు ఒక్కటే ఆ బరువుని ఆపలేకపోయింది. వెనక అంచు రాళ్ళు మూరెడెత్తు. ఆ రాళ్ళ అవతల ఏముందో ఆ దారిన తిరిగిన వాళ్ళెవరూ తొంగి చూడరు.

కళ్ళు కనబడని మేస్త్రి చక్రాల చప్పుడు విని జీపులోంచి అరిచాడు: "క్లచ్చి వదిలీ అమ్మా. పట్టేసిన ఇంజనే నీ బ్రేకు."

ఆమె వదిలింది. చక్రం మళ్ళీ బిగుసుకుంది. ఎడం పక్క చక్రానికీ అంచు రాయికీ మధ్య జానెడు దూరంలో బండి ఆగింది. నేను దూకి రాళ్ళు పెట్టేసరికి ఆమె ఒళ్ళోని ఫైలుని రెండు చేతులా పట్టుకుని ఉంది. మొదటి మాట ఇది: "టైమెంతయింది డ్రైవరు గారూ?"

తొమ్మిదీ నలభై. అక్కణ్ణుంచి పైకి అరగంట. జీపెక్కమన్నాను, పదిహేను నిమిషాల్లో దింపుతానన్నాను. నేను పదిహేనంటే పది.

"జీపులో దిగితే సెక్రటరీ గారు గెలిచినట్టే కదండీ," అంది. "బండి నడవకపోతే నేను ఇక్కణ్ణుంచే కిందికి వెళ్ళిపోతాను."

శిష్యుడు డబ్బా పట్టుకుని రోడ్డు పక్క ఊటకి పరిగెత్తాడు. మేస్త్రి చెవికి నీళ్ళ అలికిడి అందింది.

"ఆ డబ్బా కింద పెట్టు. కాలిపోతున్న ఇనుము మీద నీళ్ళు పోస్తే పగిలిపోతుంది. అప్పుడిక నేనూ లేను, నువ్వూ లేవు."

"మరేం చెయ్యమంటారండి?"

"సిలిండరు మీద అరచెయ్యి పెట్టి అంకెలు లెక్కపెట్టు. ఇరవై దాకా ఉంచగలిగినప్పుడు విప్పుదాం."

శిష్యుడు చెయ్యి పెట్టి నాలుగు దగ్గర తీసేశాడు. కొంత సేపాగి ఏడు. మేస్త్రి జీపు మెట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ బ్రేకుల్లేని బస్సులోనూ అంత కాలు నిలవని స్థితి నాకు లేదు. పదకొండు. పద్నాలుగు. సుకుమారి గడియారం చూడ్డం మానేసి అతని చేతినే చూస్తోంది. పదింటికి అతను ఇరవై అన్నాడు. అరచేతిలో బొబ్బలెక్కాయి.

"విప్పు," అన్నాడు మేస్త్రి.

"మీరు..."

"నా కళ్ళు దూదిలో ఉన్నాయి. నువ్వే."

నాలుగు నట్లు ఊడాయి. హెడ్డు వచ్చింది, సిలిండరు వచ్చింది. అద్దంలా మెరవాల్సిన పిస్టను ఒక పక్కంతా పిల్లి గీరినట్టు ఉంది. దాని అల్యూమినియం కరిగి సిలిండరు గోడకి పూతలా అంటుకుంది. మేస్త్రి చిటికెన వేలు లోపల పెట్టి ఒక చుట్టు తిప్పాడు. "ఇనుము చెడలేదు. పైన పూసుకున్నదే. గరుకు ఎమరీ కాగితంతో గియ్యి. మెరిపించొద్దు, గీతలుండనీ. ఆయిలు నిలిచేది గీతల్లోనే." శిష్యుడు గీశాడు. మేస్త్రి వేలు పెట్టి చూసి "ఇంకా" అనేవాడు. మళ్ళీ గీసేవాడు. నేను నిమిషాలు చెబుతుంటే మేస్త్రి నన్ను నోరు మూసుకోమన్నాడు. నా జీవితంలో ఆ మాట విని ఊరుకున్నది ఒక్క ఆయన దగ్గరే. ఇరుక్కుపోయిన పిస్టను రింగులని పెట్రోల్లో నానబెట్టి గోరుతో విడదీశారు. బిగించబోయే ముందు చూస్తే సిలిండరు కింద పెట్టే కాగితం ప్యాకింగు రెండు ముక్కలైంది.

సుకుమారి ఒళ్ళోని కాగితాలు తీసి చేతిలో పట్టుకుని, ఫైలు అట్ట చాచింది. "ఇది పనికొస్తుందేటి మేస్త్రి గారూ?"

ఆయన అట్ట మందం వేళ్ళతో నలిపి చూశాడు. "నీ ఉద్యోగం దీంట్లోనే ఉందన్నమాట," అన్నాడు. సిలిండరు అడుగున దాన్ని నొక్కి పట్టి, సుత్తితో అంచు వెంట సన్నగా తట్టించాడు. అచ్చు దిగినట్టు ప్యాకింగు తెగింది. పాత జెట్టు శిష్యుడి చొక్కా జేబులోనే ఉంది, అది మళ్ళీ వేశాడు. ట్యాంకులో ఆయిలు పోశాడు. ఒక మూత, రెండు. మూడో మూత దగ్గర అతని చెయ్యి ఆగింది. మూడో మూత పడింది.

శిష్యుడు పాత ప్లగ్గే బిగించబోతుంటే మేస్త్రి సుకుమారిని అడిగాడు: "ఏ రంగుందమ్మా అది?"

"తెల్లగా. సున్నంలా."

"అది వాడి జేబులో వెయ్యి. ఒరే, కొత్తది బిగించు."

పదీ ఇరవై ఎనిమిదికి సుకుమారి పిడి లాగింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి బండి గొల్లుమని లేచింది. దాంతో పాటు పొగ. అటువంటి పొగ నేను బొగ్గు రైలుకి కూడా చూడలేదు. నీలం, తెలుపు కలిసి ఐదో మలుపుని కమ్మేస్తే, కిందున్న ఊళ్ళలో అడవి అంటుకుందని జనం బిందెలతో బయల్దేరారు. గొంతు బొంగురు, పరుగు నెమ్మది. పాటన్న మాటే లేదు. ఆమె ఎక్కింది, వెనక మేం ఎక్కాం.

ఆరో మలుపు దాటగానే మేస్త్రి ఆపించాడు. టైము పదీ ముప్పై ఎనిమిది.

"మేస్త్రి గారూ, నడుస్తోంది కదండీ," అన్నాడు శిష్యుడు. "ఇక్కడాపితే అందదండి."

"ప్లగ్గు రంగు నువ్వు చూడమ్మా," అన్నాడు ఆయన, శిష్యుడితో కాదు, సుకుమారితో.

శిష్యుడు ప్లగ్గు విప్పి ఆమె కళ్ళ ముందు పెట్టాడు. ఆమె కాఫీ తోటల్లో పుట్టిన పిల్ల. ఒక్క చూపు చూసింది. "వేయించిన గింజ రంగండి. లేత వేపుడు."

"వెళ్ళు."

సంఘం ఆఫీసు ముందు ఆమె దిగేసరికి గోడ గడియారంలో పదకొండుకి మూడు నిమిషాలు తక్కువ. ఆమె దిగిందని మాకు తెలుసు గానీ, పొగలో ముందు మాకు ఆమె కనిపించలేదు. సెక్రటరీ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాడు. "ఏం పొగమ్మా ఇది?"

"ఆయిలు తాగుతోందండి. తాగితేనే నడుస్తాది."

ఆయన బండి చుట్టూ తిరిగాడు. వెనక టైరు మీద గీసుకుపోయిన మచ్చ చూశాడు. ఆమె చేతిలో ఫైలు చూశాడు. అట్ట మధ్యలో ప్యాకింగు తెగిన చోట ప్యాకింగంత కన్నం. దారిలో ఏం జరిగిందని ఆయన అడగలేదు. లోపలికి వెళ్ళి ఆర్డరు తెచ్చి ఆ కన్నం పడ్డ ఫైలు మీదే పెట్టి సంతకం చేశాడు. "రేపట్నుంచి ఏడు ఊళ్ళూ నీవి. ఆ బండి మాత్రం నా కిటికీ కింద ఆపకు," అన్నాడు, దగ్గుతూ.

దిగేటప్పుడు జీపులో శిష్యుడు ఆ తెల్ల ప్లగ్గుని బొబ్బలెక్కిన అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఐదో మలుపులో ఆ నల్లటి గీత ఇంకా రోడ్డు మీద ఉంది, అంచు రాయికి జానెడు దూరంలో ఆగి. అతను అటు చూసి తల దించుకున్నాడు. నాకు జాలేసింది. నా నోటి సంగతి మీకు తెలుసు కదా, ఊరుకోలేదు.

"ఎంత మొనగాడివిరా నువ్వు. కొండ మీద, రోడ్డు పక్కన, బొబ్బల చేత్తో, అరగంట లోపు ఇంజను విప్పి బిగించావు. ఈ ఘాటీ పైనా కిందా నీ అంత చెయ్యి ఇంకోటి లేదు. ఢిల్లీ వాళ్ళు వింటే విమానాలు బాగుచెయ్యమని తీసుకుపోతారు."

శిష్యుడి ముఖం కొంచెం కొంచెంగా వెలిగింది. వీపు నిటారైంది. కళ్ళెత్తి మేస్త్రి వైపు చూశాడు, ఇప్పుడైనా ఒక మాట వస్తుందేమోనని.

మేస్త్రి నల్లద్దాలు లోయ వైపే ఉన్నాయి. "డ్రైవరు చాలా తియ్యగా పాడుతున్నాడురా," అన్నాడు. "ఆయిలు చూసుకో."

ఇదీ జరిగింది. నమ్మకపోతే ఘాటీ కింద షెడ్డుకి వెళ్ళండి, ఇప్పుడు దానికి మేస్త్రి ఆ శిష్యుడే. మీ బండి బాగుందని ఆయన చచ్చినా అనడు. గల్లా పక్కన మేకుకి ఒక తెల్ల ప్లగ్గు వేలాడుతుంటుంది, దాని గురించి అడిగితే కుడి అరచెయ్యి చూపిస్తాడు. పేరు యాళ్ళ దాలినాయుడు.